సత్యాన్వేషి డేవిడ్ బోమ్

విజ్ఞాన శాస్త్ర చరిత్రలో రెండు తెగల మహనీయులు కనిపిస్తారు. అందరూ అడుగుతున్న ప్రశ్నకు అందరికన్నా ముందుగా సమాధానం కనుగొని కీర్తి గడించినవారు మొదటి తెగవారు. ఇక అడగవలసిన పని లేదని పెద్దలు తీర్పు చెప్పిన ప్రశ్నను మళ్లీ అడిగి, అందుకు తగిన మూల్యం చెల్లించినవారు రెండవ తెగవారు. ఇరవయ్యో శతాబ్దపు భౌతిక శాస్త్రవేత్తలలో డేవిడ్ బోమ్ ఈ రెండవ తెగకు చెందినవాడు. పరమాణు ప్రపంచంలో కణాలకు నిశ్చితమైన మార్గాలు ఉన్నాయా, లేవా అన్నది ఆయన అడిగిన ప్రశ్న. ఉద్యోగం పోయినా, స్వదేశానికి దూరమైనా, సహశాస్త్రజ్ఞులు మౌనం వహించినా ఆయన ఆ ప్రశ్నను విడిచిపెట్టలేదు. మదనపల్లెలో జన్మించి విశ్వవిఖ్యాతుడైన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తితో పాతికేళ్లపాటు సంభాషణలు సాగించిన శాస్త్రవేత్తగా ఆయన తెలుగువారికి కొంత పరిచితుడు కూడ.

బోమ్ 1917 డిసెంబరు 20వ తేదీన అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో విల్క్స్‌బారీ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. అది బొగ్గు గనుల పట్టణం. తండ్రి శామ్యూల్ ఐరోపా నుంచి వలస వచ్చి, అక్కడ ఫర్నిచర్ దుకాణం నడుపుకొనేవాడు. తల్లి ఫ్రీడా మానసిక అస్వస్థతతో బాధపడేది. ఇంట్లో ప్రశాంతత కరవైన ఆ బాలునికి వైజ్ఞానిక కథలూ, ఆకాశంలోని నక్షత్రాలూ ఆశ్రయమిచ్చాయి. కుమారుడు వ్యాపారంలో తనకు తోడుగా ఉంటాడని తండ్రి ఆశించాడు. గ్రహాలను గురించీ, పరమాణువులను గురించీ ఆలోచించడం వలన కూడు దొరకదని ఆయన అభిప్రాయం. కుమారుని మనసు మాత్రం లెక్కల మీదా, ప్రకృతి రహస్యాల మీదా నిలిచిపోయింది.

1939లో పెన్సిల్వేనియా రాష్ట్ర కళాశాల నుంచి పట్టం పొంది, బోమ్ కాలిఫోర్నియాకు వెళ్లాడు. 1941లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఓపెన్‌హైమర్ వద్ద పరిశోధక విద్యార్థిగా చేరాడు. అది రెండవ ప్రపంచ యుద్ధ కాలం. ఆర్థిక మాంద్యంలో గని కార్మికుల దైన్యాన్ని కళ్లారా చూసిన ఆయనకు సమసమాజ భావాలపై మొగ్గు ఏర్పడింది. 1942లో కమ్యూనిస్టు పార్టీలో చేరి, కొద్ది నెలలకే బయటికి వచ్చాడు. ఆ కొద్ది నెలల సభ్యత్వం తరువాతి కాలంలో ఆయన జీవిత గమనాన్నే మార్చివేసింది.

దాని మొదటి ఫలితం పట్టా పొందే సమయంలోనే అనుభవానికి వచ్చింది. ప్రోటాన్లూ డ్యూటెరాన్లూ ఒకదానితో ఒకటి ఢీకొన్నపుడు ఏమవుతుందో బోమ్ గణించాడు. అణ్వస్త్ర నిర్మాణానికి ఆ గణన ఉపయోగపడుతుందని ప్రభుత్వం దానిని రహస్యంగా ప్రకటించింది. బోమ్‌కు రహస్యాలు చూసే అనుమతి లేదు. అందుచేత తన సిద్ధాంత వ్యాసాన్ని తానే రాయడానికి వీలులేని విచిత్ర పరిస్థితి ఏర్పడింది. ఆయన పని పట్టాకు తగినదేనని ఓపెన్‌హైమర్ విశ్వవిద్యాలయానికి హామీ ఇచ్చిన తరువాత, 1943లో డాక్టరేటు లభించింది. అణుబాంబు నిర్మాణం జరుగుతున్న లాస్ అలమోస్‌కు ఆయనను తీసుకోవాలని ఓపెన్‌హైమర్ కోరినా సైనికాధికారులు అంగీకరించలేదు.

బర్క్‌లీలోనే ఉండిపోయిన బోమ్ ప్లాస్మా పదార్థాన్ని అధ్యయనం చేశాడు. మిక్కిలి వేడెక్కిన వాయువులో ఎలక్ట్రాన్లు పరమాణువుల నుంచి విడివడి స్వేచ్ఛగా సంచరిస్తాయి. ఆ స్థితినే ప్లాస్మా అంటారు. విడివిడిగా తిరుగుతున్న ఆ లెక్కలేనన్ని ఎలక్ట్రాన్లు ఒక్కొక్కసారి ఒకే శరీరంలోని అవయవాల వలె కలిసి స్పందించడం ఆయనను ఆశ్చర్యపరచింది. వ్యక్తిగత స్వేచ్ఛ, సమష్టి క్రమం ఒకచోట ఇమడగలవన్న భావన ఆనాడే ఆయన మనసులో నాటుకొన్నది. 1947లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో సహాయ ఆచార్యుడైన తరువాత, లోహాలలోని ఎలక్ట్రాన్ల సమష్టి చలనంపై తన విద్యార్థులతో కలిసి విలువైన పరిశోధనలు చేశాడు. ముప్పయ్యేళ్ల వయసుకే ఆయన పేరు శాస్త్రజ్ఞుల లోకంలో ప్రతిష్ఠ పొందింది.

ఆ ప్రతిష్ఠ ఎంతోకాలం ఆయనను కాపాడలేదు. యుద్ధానంతరం అమెరికాలో కమ్యూనిస్టుల పట్ల భయం ప్రబలింది. 1949లో ప్రతినిధుల సభకు చెందిన విచారణ సంఘం బోమ్‌ను పిలిపించింది. తన సహచరులలో ఎవరెవరు కమ్యూనిస్టులో చెప్పుమని ఆయనను అడిగారు. రాజ్యాంగం పౌరునికి ఇచ్చిన హక్కును ఆధారం చేసుకొని, బోమ్ సమాధానం చెప్పడానికి నిరాకరించాడు. 1950 డిసెంబరులో సభా ధిక్కార నేరంపై ఆయనను నిర్బంధించారు. విశ్వవిద్యాలయం ఆయనను బోధన నుంచి తప్పించింది. 1951 మే నెలలో న్యాయస్థానం నిర్దోషి అని తీర్పు చెప్పింది. అయినా విశ్వవిద్యాలయం ఆయన ఉద్యోగాన్ని పొడిగించలేదు. మిత్రుల పేర్లు చెప్పివుంటే ఆయన కొలువు నిలిచివుండేది. చెప్పకపోవడం వలన దేశంలో ఏ విద్యాలయమూ ఆయనను చేర్చుకొనడానికి ముందుకు రాలేదు.

ఇన్ని కల్లోలాల నడుమనే ఆయన జీవితంలోని గొప్ప ఘట్టం ఆరంభమైంది. విద్యార్థులకు క్వాంటం సిద్ధాంతం బోధిస్తూ ఆయన రాసిన పాఠ్యగ్రంథం 1951లో వెలువడింది. డెన్మార్క్ శాస్త్రవేత్త నీల్స్ బోర్, ఆయన అనుయాయులు ప్రతిపాదించిన సంప్రదాయ దృక్పథాన్నే ఆ గ్రంథం వివరించింది. పుస్తకం పూర్తయిన పిదప ఆ దృక్పథం తనకే అర్థం కాలేదన్న అసంతృప్తి బోమ్‌ను వేధించింది. ఆ సమయంలో ప్రిన్స్‌టన్‌లోనే ఉన్న ఐన్‌స్టయిన్‌తో ఆయన చర్చలు జరిపాడు. సంప్రదాయ వివరణ అసంపూర్ణమని ఐన్‌స్టయిన్ చిరకాలంగా నమ్ముతూ వచ్చాడు. ఆ సంభాషణలు బోమ్‌లోని సందేహానికి బలం చేకూర్చాయి.

ఆ సందేహమేమిటో గ్రహించడానికి ఒక ప్రయోగాన్ని తలచుకోవాలి. రెండు సన్నని చీలికలున్న ఒక అడ్డుతెర వైపు ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా పంపుతారు. ప్రతి ఎలక్ట్రానూ అవతలి ఫలకం మీద ఒకే ఒక చుక్కను ఏర్పరుస్తుంది. కనుక అది కణం. వేలాది చుక్కలు పడిన తరువాత చూస్తే, ఆ చుక్కలన్నీ కలిసి నీటి అలలు కలిసినపుడు ఏర్పడే చారల వంటి రూపాన్ని చూపుతాయి. కనుక అక్కడ ఏదో తరంగం ఉంది. సంప్రదాయ దృక్పథం ప్రకారం, బయలుదేరినప్పటి నుంచి చుక్క పడేవరకు ఎలక్ట్రాన్ ఎక్కడ ఉన్నదన్న ప్రశ్నకు అర్థం లేదు. చుక్క ఎక్కడ పడవచ్చునో తెలిపే సంభావ్యతలను మాత్రమే సిద్ధాంతం ఇస్తుంది. ఎలక్ట్రాన్ దారిని గురించి అడగడమే తప్పు.

అంతకుముందే ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ ద బ్రోలీ మరొక మార్గం సూచించాడు. కణం, తరంగం రెండూ వాస్తవమేననీ, తరంగం కణానికి దారి చూపుతుందనీ ఆయన 1927లో బ్రస్సెల్సులో జరిగిన సాల్వే సమావేశంలో ప్రతిపాదించాడు. అక్కడ ఉల్ఫ్‌గాంగ్ పౌలీ లేవనెత్తిన ఆక్షేపణకు తృప్తికరమైన సమాధానం చెప్పలేక, కొద్దికాలానికే ఆ భావనను విడిచిపెట్టాడు. 1932లో గణితవేత్త జాన్ వాన్ నాయ్‌మన్ అటువంటి వివరణ అసాధ్యమని ఒక నిరూపణ ఇచ్చాడు. దానితో ఆ తలుపు మూసుకుపోయిందని అందరూ భావించారు. నిరూపణలో ఒక లోపమున్నదని జర్మనీకి చెందిన గ్రెటె హెర్మన్ 1935లోనే చూపినా, ఆమె మాటను ఎవరూ పట్టించుకోలేదు.

ద బ్రోలీ వదిలిన తెరువును ఎరుగకుండానే బోమ్ అదే చోటికి చేరాడు. దానిని చివరికంటా నడిచాడు. ఆయన భావనను తెలుగునాట కనిపించే ఒక దృశ్యంతో పోల్చి గ్రహించవచ్చు. అనకాపల్లి జిల్లాలో, నర్సీపట్నం ప్రాంతాన, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక అనే గ్రామం ఉంది. అక్కడి కళాకారులు అంకుడు కర్రను గిరగిర తిప్పుతూ ఉలితో మలచి, రంగు కలిపిన లక్కను దానికి పట్టించి, నున్నని బొమ్మలనూ బొంగరాలనూ తయారుచేస్తారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. అటువంటి లక్క బొంగరం ఒకటి వరాహ నదిలో జారిపడి కొట్టుకుపోతున్నదనుకోవాలి. నది మధ్యలో ఒక పెద్ద బండ ఉంది. నీరు రెండు పాయలుగా చీలి, బండను దాటి మళ్లీ కలుస్తుంది. బొంగరం ఒక్కటే. అది ఒక్క పాయలోనే పోగలదు. నీరు మాత్రం రెండు పాయలలోనూ పోతుంది. బండ అవతల రెండు పాయల అలలూ కలిసి ఏర్పరచే సుడులే బొంగరం ఏ ఒడ్డుకు చేరాలో నిర్ణయిస్తాయి. రెండవ పాయకు అడ్డుకట్ట వేస్తే, మొదటి పాయలో వచ్చిన బొంగరం దారి కూడ మారిపోతుంది.

బోమ్ సిద్ధాంతంలో ఎలక్ట్రాన్ బొంగరం వంటిది. దానికి ప్రతి క్షణమూ నిశ్చితమైన స్థానం ఉంటుంది. దానిని నడిపించే తరంగం నది వంటిది. ఎవరు చూసినా, చూడకపోయినా ఎలక్ట్రాన్ ఒక చీలికలోనుంచే పోతుంది. తరంగం రెండింటిలోనుంచీ పోతుంది. బయలుదేరిన స్థానాన్ని మనం పూర్తిగా తెలుసుకోలేము కాబట్టి ఫలితాలు సంభావ్యతలుగా కనిపిస్తాయి. అవి సంప్రదాయ సిద్ధాంతం ఇచ్చే సంభావ్యతలతో సరిగ్గా సరిపోతాయి. అయితే ఈ పోలికకు ఒక హద్దు ఉంది. నది తన వేగంతో బొంగరాన్ని తోస్తుంది. బోమ్ తరంగం మాత్రం తన బలంతో గాక ఆకారంతో కణాన్ని నడిపిస్తుంది. ఓడ తన యంత్రంతో తాను కదులుతూ, రేడియో సంకేతాన్ని బట్టి దిశ మార్చుకొన్నట్లు కణం తరంగంలోని సమాచారాన్ని బట్టి దారి మార్చుకొంటుందని ఆయన తరువాతి కాలంలో వివరించేవాడు.

ఈ సిద్ధాంతాన్ని వివరించే రెండు పత్రాలు 1952 జనవరిలో ఫిజికల్ రివ్యూ పత్రికలో వెలువడ్డాయి. 1927 నాటి పౌలీ ఆక్షేపణకు ఈసారి సమాధానం ఉంది. కొలిచే పరికరాన్ని కూడ సిద్ధాంతంలో భాగంగా తీసుకొంటే చిక్కు విడిపోతుందని బోమ్ చూపాడు. అసాధ్యమని నిరూపించబడినదిగా అందరూ నమ్మిన పని కళ్లయెదుట జరిగింది.

అప్పటికి బోమ్ స్వదేశంలో లేడు. ఐన్‌స్టయిన్ ఇచ్చిన సిఫారసు లేఖతో 1951 అక్టోబరులో బ్రెజిల్‌లోని సావోపాలో విశ్వవిద్యాలయంలో చేరాడు. చేరిన కొద్ది రోజులకే అమెరికా రాయబార సిబ్బంది ఆయన పాస్‌పోర్టును తీసుకున్నారు. అమెరికాకు తిరిగి వెళ్లడానికి తప్ప దానిని ఇవ్వబోమని చెప్పారు. ఐరోపాకు పోయి శాస్త్రజ్ఞుల సమావేశాలలో తన సిద్ధాంతాన్ని సమర్థించుకొనే అవకాశం ఆ విధంగా చేజారిపోయింది. తిరస్కారం కన్నా మౌనం ఆయనను ఎక్కువగా కుంగదీసింది. పెద్దలలో పెక్కుమంది ఆ పత్రాలను చదవడానికే ఇష్టపడలేదు. ఐన్‌స్టయిన్ సైతం ఆ పరిష్కారం మరీ సులభంగా లభించినట్లున్నదని పెదవి విరిచాడు. ద బ్రోలీ మాత్రం తాను ఎన్నడో విడిచిన భావనను మళ్లీ చేపట్టాడు. 1954లో బోమ్ బ్రెజిల్ పౌరసత్వం స్వీకరించాడు. దానితో అమెరికా పౌరసత్వం పోయింది.

1955లో ఆయన ఇజ్రాయెల్‌లోని హైఫా నగరానికి వెళ్లాడు. అక్కడ సారా ఊల్ఫ్‌సన్‌తో పరిచయమై, 1956లో వివాహం జరిగింది. 1957లో దంపతులు ఇంగ్లండులోని బ్రిస్టల్ చేరారు. అక్కడ తన విద్యార్థి యాకిర్ అహరనోవ్‌తో కలిసి బోమ్ 1959లో ఒక విశేషాన్ని ప్రకటించాడు. అయస్కాంత క్షేత్రం లేని చోటునుంచే ప్రయాణించినా, సమీపంలో దాచివుంచిన క్షేత్రం ప్రభావం ఎలక్ట్రాన్ తరంగం మీద కనిపిస్తుందని వారు చూపారు. అహరనోవ్–బోమ్ ఫలితంగా అది ప్రయోగాలలో ధ్రువపడి, పాఠ్యగ్రంథాలలో స్థిరపడింది. 1961లో బోమ్ లండన్‌లోని బర్క్‌బెక్ కళాశాలలో ఆచార్యుడయ్యాడు. పదేళ్ల సంచార జీవితం ముగిసి, ఆయన అక్కడే స్థిరపడ్డాడు.

అదే ఏడాది ఆయన జిడ్డు కృష్ణమూర్తిని కలుసుకొన్నాడు. అంతకుముందు బ్రిస్టల్ గ్రంథాలయంలో సారా చూసిన ఒక పుస్తకం ఆ పరిచయానికి దారితీసింది. చూసేవాడు, చూడబడేది వేరుకావన్న కృష్ణమూర్తి భావన, పరిశీలకుని స్థానాన్ని గురించి మథనపడుతున్న భౌతిక శాస్త్రవేత్తను ఆకర్షించింది. ఆలోచన అంటే ఏమిటి, కాలం అంటే ఏమిటి, మనిషి మనసులోని సంఘర్షణకు మూలమేమిటి అన్న విషయాలపై వారిద్దరూ జరిపిన సంభాషణలు గ్రంథాలుగా వెలువడ్డాయి. విశ్వమంతా విడదీయరాని ఒక సమగ్ర ప్రవాహమనీ, విడివిడి వస్తువులుగా కనిపించేవి ఆ ప్రవాహంలో పైకి తేలిన రూపాలనీ బోమ్ 1980లో ప్రచురించిన గ్రంథంలో ప్రతిపాదించాడు.

తత్త్వ చింతనలో ఉంటూనే ఆయన తన పాత ప్రశ్నకు తిరిగి వచ్చాడు. 1979లో బర్క్‌బెక్‌లోని యువ పరిశోధకులు ఆయన సహచరుడు బేసిల్ హైలీతో కలిసి, రెండు చీలికల ప్రయోగంలో ఎలక్ట్రాన్ల మార్గాలను కంప్యూటరుతో గీసి చూపారు. పాతికేళ్ల క్రిందటి సమీకరణాలు కన్నులకు కట్టాయి. పైచీలిక నుంచి వచ్చిన ఏ మార్గమూ నడిమిగీతను దాటి కిందికి దిగలేదు. కిందిచీలిక నుంచి వచ్చినది పైకి పోలేదు. మార్గాలన్నీ చారలుగా గుమికూడాయి. అయితే అప్పటికి భౌతిక శాస్త్రం చాలా దూరం సాగిపోయింది. ఎలక్ట్రాన్లకు దారి చూపిన సిద్ధాంతం క్వాంటం క్షేత్ర సిద్ధాంతానికి కూడ వర్తిస్తుందా అన్నదే ఇక నిలిచిన పెద్ద ప్రశ్న.

ఆ ప్రశ్న కఠినమైనది కావడానికి కారణం ఉంది. వరాహ నదిలోని బొంగరాల సంఖ్య మారనంతవరకు వాటి దారులు చెప్పవచ్చు. నడినీటిలో హఠాత్తుగా ఒక కొత్త బొంగరం పుట్టి, మరొకటి మాయమైతే దారి అన్న మాటకు అర్థమేమిటి? ప్రకృతిలో అదే జరుగుతున్నది. తగినంత శక్తిగల గామా కిరణం ఒక కేంద్రకం సమీపంలో అంతరించి, ఎలక్ట్రాన్, పాజిట్రాన్ అనే జంట పుడుతుంది. ఆ రెండూ కలిసినపుడు మళ్లీ కాంతిగా మారిపోతాయి. దీపం వెలిగించిన ప్రతిసారీ కాంతి కణాలు కొత్తగా పుడుతూనే ఉంటాయి. ఇటువంటి సంఘటనలను వివరించేదే క్వాంటం క్షేత్ర సిద్ధాంతం. కాంతిని గురించి నేర్పలేని సిద్ధాంతం ఎలక్ట్రాన్లను గురించి ఎంత చక్కగా చెప్పినా అది సగం సత్యమే.

బోమ్ ఈ చిక్కును 1952లోనే ఊహించాడు. తన రెండవ పత్రానికి చేర్చిన అనుబంధంలో విద్యుదయస్కాంత క్షేత్రానికి ఒక మార్గం చూపాడు. అక్కడ బొంగరాలను మరచిపోవాలి. నీటి ఉపరితలం ప్రతి బిందువు వద్ద ఎంత ఎత్తున ఉన్నదో ఆ మొత్తం ఆకృతినే వాస్తవంగా గ్రహించాలి. అదే విధంగా కాంతి విషయంలో కణాలకు బదులు క్షేత్రమే వాస్తవం. ఆ క్షేత్రపు ఆకృతి క్షణక్షణమూ ఎలా మారాలో నిర్ణయించే తరంగం దానికన్నా ఒక మెట్టు పైన ఉంటుంది. కాంతి కణం పుట్టడం, గిట్టడం అన్నవి ఆ క్షేత్రం ఒక రూపం నుంచి మరొక రూపానికి మారడమే. విశాలంగా వ్యాపించిన క్షేత్రంలోని శక్తి ఒకే పరమాణువులోకి ఒక్కసారిగా చేరగలదు గనుక, కాంతి కణంగా తోస్తుంది. 1987లో హైలీ, కలోయెరూలతో కలిసి బోమ్ ఈ పద్ధతిని విపులంగా అభివృద్ధి చేశాడు.

కాంతికి అమరిన ఈ పద్ధతి ఎలక్ట్రాన్లకు అంత సులభంగా అమరలేదు. ఎలక్ట్రాన్ క్షేత్రపు విలువలు సాధారణ సంఖ్యల వంటివి కావు. వాటిని నీటి ఎత్తువలె కొలిచి చెప్పడానికి వీలులేదు. ఇక్కడ ఉత్తర ఐర్లండుకు చెందిన జాన్ బెల్ తోడ్పడ్డాడు. 1952 నాటి బోమ్ పత్రాలే బెల్ ఆలోచనకు ప్రేరణ. వాన్ నాయ్‌మన్ నిరూపణలోని లోపాన్ని ఆయన లోకానికి స్పష్టం చేశాడు. 1984లో ఆయన ఒక నమూనా రూపొందించాడు. స్థలాన్ని వలకళ్ల వంటి బిందువుల సమూహంగా భావించి, ప్రతి బిందువు వద్ద ఎలక్ట్రాన్ల వంటి కణాలు ఎన్ని ఉన్నాయన్నది ఎల్లవేళలా నిశ్చితమని తీసుకొన్నాడు. ఆ సంఖ్యలు తరంగం సూచించిన సంభావ్యతను బట్టి మారుతుంటాయి. 2004లో డ్యూర్, గోల్డ్‌స్టయిన్, టుముల్కా, జాంగీ అనే నలుగురు పరిశోధకులు ఈ భావనను వలకళ్ల అవసరం లేకుండా విస్తరించారు. వారి సిద్ధాంతంలో కణాలు మామూలుగా అవిచ్ఛిన్నమైన దారులలో నడుస్తాయి. కణం పుట్టినపుడో గిట్టినపుడో మాత్రం యాదృచ్ఛికంగా ఒక గంతు ఉంటుంది. శూన్యమంతా కణాలతో నిండి ఉన్నదని భావించి, పుట్టుక గిట్టుకలే లేవనీ, అంతా నిశ్చితమేననీ చెప్పే నమూనాలు మరికొన్ని ఉన్నాయి.

కాబట్టి విస్తరించడం సాధ్యమే. అయితే దానికి రెండు మూల్యాలు చెల్లించవలసి వచ్చింది. మొదటిది, ఒకటికి బదులు అనేక నమూనాలు ఏర్పడ్డాయి. ఒకరు క్షేత్రం వాస్తవమంటారు, మరొకరు కణం వాస్తవమంటారు. ప్రయోగ ఫలితాలను అవన్నీ ఒకే రీతిగా సూచించేట్లు నిర్మింపబడినవి గనుక, ఏది నిజమో ప్రయోగం తేల్చలేదు. రెండవది ఇంకా గంభీరమైనది. రెండు కణాలను ఒకే తరంగం నడిపించేటపుడు, ఒకదాని గమనం అదే క్షణంలో ఎంతో దూరాన ఉన్న రెండవదాని స్థానం మీద ఆధారపడుతుంది. ఐన్‌స్టయిన్ సాపేక్షతా సిద్ధాంతంలో అందరికీ చెల్లే అదే క్షణం అన్నది లేదు. అందుచేత ఈ నమూనాలలో చాలావరకు ఒక ప్రత్యేకమైన కాల విభజనను లోలోపల అంగీకరిస్తాయి. అది ఏ ప్రయోగానికీ దొరకదు. సాపేక్షత సగటు ఫలితాలలోనే నిలుస్తుందనీ, ఒక్కొక్క సంఘటన అడుగున దానికి అతీతమైన క్రమం ఉండవచ్చుననీ బోమ్ భావించాడు. దాచిపెట్టవలసి వచ్చే అటువంటి కాల విభజన ఒక లోపమేనని విమర్శకులు వాదిస్తారు. ఈ వాదం నేటికీ ముగియలేదు.

దూర సంబంధాన్ని బోమ్ సిద్ధాంతపు దోషమని మాత్రమే భావించడానికి వీలులేదని బెల్ 1964లో నిరూపించాడు. క్వాంటం సిద్ధాంతపు అంచనాలు నిజమైతే, కణాలు ముందే తమలో దాచుకొన్న సమాచారంతో మాత్రమే ఆ సంబంధాన్ని వివరించే ఏ సిద్ధాంతమూ నిలవదు. బెల్ వాడుకొన్న ఉదాహరణ కూడ 1951 నాటి బోమ్ పాఠ్యగ్రంథంలోనిదే. ప్రయోగాలు క్వాంటం అంచనాలనే సమర్థించాయి. ఆ ప్రయోగాలకు గాను అలెన్ ఆస్పె, జాన్ క్లాసర్, ఆంటన్ త్సైలింగర్‌లకు 2022లో నోబెల్ బహుమతి లభించింది. ఎవరూ చదవడానికి ఇష్టపడని రెండు పత్రాల నుంచి బయలుదేరిన ఆలోచనకు అది సుదూరమైన ఫలం.

చివరి దశలో బోమ్‌కు కొంత గౌరవం దక్కింది. 1986లో అమెరికా పౌరసత్వం తిరిగి లభించింది. 1990లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. తీవ్రమైన మనోవ్యాకులత ఆయనను అప్పుడప్పుడు పీడించినా పని ఆగలేదు. హైలీతో కలిసి తన సిద్ధాంతాన్ని క్షేత్రాల వరకు విస్తరించి చెప్పే బృహద్గ్రంథాన్ని ముగింపునకు తెచ్చాడు. 1992 అక్టోబరు 27న కళాశాలలో ఆ పని చూసుకొని, అద్దె కారులో ఇల్లు చేరుతుండగా గుండెపోటు వచ్చి మరణించాడు. ఆ గ్రంథం 1993లో వెలువడింది.

బోమ్ తన ప్రశ్నకు తుది సమాధానం చెప్పలేదు. అసాధ్యమన్న తీర్పు తప్పని చూపి, ఆ సమాధానానికి చెల్లించవలసిన మూల్యమెంతో దాచకుండా చెప్పాడు. విచారణ సంఘం ముందు మిత్రుల పేర్లు చెప్పని ధైర్యమూ, పెద్దల మౌనం ముందు ప్రశ్నను వదలని ధైర్యమూ ఆయనలో ఒకే మూలం నుంచి వచ్చాయి. అధికారం వలన గాని, మెజారిటీ వలన గాని సత్యం నిర్ణయం కాదని ఆయన నమ్మాడు. నమ్మినట్లే జీవించాడు. విద్యార్థులు ఆయన జీవితం నుంచి నేర్వదగినది ఆ నిష్ఠ.

ప్రశ్నలు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. డేవిడ్ బోమ్ జీవితంలో ఎదురైన కష్టాలను, వాటిని ఆయన ఎదుర్కొన్న తీరును వివరించండి.
2. బోమ్ సిద్ధాంతాన్ని కాంతికి, కణాల పుట్టుకకు విస్తరించడంలో ఎదురైన చిక్కులేవి? వాటిని శాస్త్రవేత్తలు ఏ విధంగా పరిష్కరించ యత్నించారు?

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఏటికొప్పాక బొంగరం పోలిక ద్వారా ఎలక్ట్రాన్ గమనాన్ని తెలపండి. ఆ పోలికకు గల హద్దు ఏమిటి?
2. బోమ్‌కు, జిడ్డు కృష్ణమూర్తికి గల సంబంధాన్ని తెలపండి.

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. బోమ్ పత్రాలు ఏ పత్రికలో, ఎప్పుడు వెలువడ్డాయి?
2. బోమ్ సిద్ధాంత వ్యాసాన్ని ప్రభుత్వం ఎందుకు రహస్యంగా ప్రకటించింది?
3. 1984లో నమూనాను రూపొందించిన శాస్త్రవేత్త ఎవరు?